చెఱకుసీమకు వృక్షవిద్య

చెఱకు విడిచిన చేనిలో ఏమి వేయవలెను? బోధను, రుద్రూరు, వర్ని, కోటగిరి ప్రాంతముల రైతులు కొన్ని యేండ్లుగా తమలో తాము వేసికొనుచున్న ప్రశ్న యిది. వరి యని కొందఱు, సోయా యని కొందఱు, మొక్కజొన్న యని మఱికొందఱు బదులు చెప్పుకొనిరి. ఇటీవల మఱియొక సమాధానము తఱచుగా వినవచ్చుచున్నది: చెట్లు వేయుడని. టేకు, శ్రీగంధము, జామాయిలు, మలబారు వేప, వీనిలో నేదో యొకటి నాటి, పదియో యిరువదియో యేండ్లు కన్నులు మూసికొని కూర్చున్నచో లక్షలు చేతికి వచ్చునని కాగితముపై లెక్క వ్రాసి చూపువారు లేకపోలేదు.

ఈ సమాధానము చెడ్డది కాదు. కాని యిందులో నొక ప్రమాదమున్నది. వరి విత్తనము చెడ్డదైనచో ఆఱు నెలలలో తెలియును. మఱుసటి కారున దిద్దుకొనవచ్చును. చెట్టు విత్తనము చెడ్డదైనచో ఇరువది యేండ్లకు గాని తెలియదు. అప్పటికి నాటినవాని వయస్సే గడచిపోవును. తప్పు దిద్దుకొనుటకు అవకాశము లేని వ్యవసాయమునకు శాస్త్రజ్ఞానము అందఱికంటె ముందుగా కావలెను. మన సీమలో జరుగుచున్నది దీనికి విపరీతము. మూడు నెలల పైరునకు పరిశోధనాలయము కలదు. ముప్పది యేండ్ల పైరునకు పొరుగువాని మాటయే ప్రమాణముగా నున్నది.

చెఱకు చరిత్రనే మనము గుర్తు తెచ్చుకొందము. మంజీరపై నిజాంసాగరము 1923లో ఆరంభమై 1931లో పూర్తియైనది. నవాబ్ అలీ నవాజ్ జంగు గారి ఇంజనీరు ప్రతిభ దానికి మూలము. 1937లో బోధనున నిజాం చక్కెర కర్మాగారము స్థాపితమైనది. ఒకప్పుడది ఆసియాఖండముననే మిక్కిలి పెద్ద చక్కెర మిల్లుగా పేరుగాంచినది. కాలువయు కర్మాగారమును కనబడుచుండుట వలన వానినే మనము స్మరింతుము. కనబడని మూడవది కూడ నున్నది. 1912లో కోయంబత్తూరున నెలకొల్పబడిన చెఱకు పరిశోధనాలయమున బార్బరు, వెంకటరామన్ గారలు మన తీపి చెఱకును రెల్లుగడ్డితో సంకరము చేసి, తెగుళ్లకును కఱవునకును ఓర్చుకొను క్రొత్త రకములను సృష్టించిరి. ఎవరును కన్నెత్తి చూడని రెల్లు, భారతదేశపు చెఱకును నిలబెట్టినది. ఆ రకములను ఈ సీమ నేలకు, ఈ సీమ నీటికి తగినట్లు పరీక్షించుటకు రుద్రూరున పరిశోధనా క్షేత్రము ఏర్పడినది. నీరు, మిల్లు, విద్య: ఈ మూడును ఒక చోట కూడినందువలననే బోధను సీమ చెఱకుసీమ యైనది.

2015 డిసెంబరులో ఆ కర్మాగారము మూతపడినది. 2024లో ప్రభుత్వము దాని పునరుద్ధరణ కొఱకు ఒక సంఘమును నియమించినది. ఆ విషయమున మా యభిప్రాయము వేఱుగా వ్రాయదగినది. ఇచట చెప్పదలచిన దొక్కటే. మూడు కాళ్ల పీటలో ఒక కాలు విఱిగినచో పీట నిలువదు. చెట్ల పెంపకమునకు సిద్ధపడుచున్న రైతు, తన పీటకు ఎన్ని కాళ్లున్నవో ముందుగా చూచుకొనవలెను.

మొక్కలు నాటుట మన దేశమున నొక పండుగ యైనది. 1950లో కేంద్రమంత్రి మున్షీ గారు వనమహోత్సవమును ఆరంభించిరి. 2015లో తెలంగాణ ప్రభుత్వము రాష్ట్రపు పచ్చదనమును నూటికి ఇరువది నాలుగు పాళ్ల నుండి ముప్పది మూడు పాళ్లకు పెంచుటకు హరితహారమును చేపట్టినది. ఈ కార్యములను తక్కువ చేయుట మా యుద్దేశము కాదు. దారుల వెంట నీడ పెరిగినచో సంతోషింపనివారెవ్వరు? కాని నాటిన మొక్కల లెక్క వేఱు. పెరిగిన కలప లెక్క వేఱు. పండుగకు సంఖ్య చాలును. వ్యవసాయమునకు జాతి, నేల, ఎడము, కోత, కొనుగోలు, ఇవన్నియు కావలెను.

ముందుగా విత్తనమును గూర్చి. టేకు చెట్టు తొలిసారి పూచునప్పుడు పూగుత్తి దాని కొనయందే వచ్చును. కొన ఆగిపోగా ప్రక్క మొగ్గలు లేచి మ్రాను అచటనే పంగలు చీలును. కావున త్వరగా పూచు చెట్టునకు మొండెము పొట్టి. ఆలస్యముగా పూచు దానికి మొండెము పొడుగు. దూలమునకు వలసినది పొడుగు మొండెము. అయితే విత్తనము ఏరువాడు ఏ చెట్టు క్రింద ఏరును? చేతికందు చోట, విరివిగా కాచిన దాని క్రింద. అనగా, పొట్టి మొండెపు చెట్టు సంతానమునే మనము కోరి కోరి తెచ్చుకొనుచున్నామన్నమాట. అందువలననే అటవీ శాస్త్రజ్ఞులు మేలైన వనములను గుర్తించి వానినుండియే విత్తనమును సేకరింతురు. ఉత్తమ వృక్షముల అంట్లతో విత్తనపు తోటలనే పెంచుదురు. నారుమడివానిని రైతు అడుగవలసిన మొదటి ప్రశ్న మొక్క ధర కాదు, దాని తల్లి యెవరన్నది.

టేకు కాయ టెంక గట్టిది. నేలలో వేసిన వెంటనే మొలవదు. మలబారులోని నీలంబూరున 1840 దశకమున కలెక్టరు కొనోలీ తలపెట్టిన టేకు వనమును పెంచి చూపిన చాతు మేనోను గారికి తొలుత ఎదురైన చిక్కు ఇదియే. నానబెట్టుట, ఎండబెట్టుట, మఱల నానబెట్టుట అను పద్ధతి నేటికిని నడుచుచున్నది. ఏడాది నారును పెరికి, పైన రెండంగుళములును క్రింద జానెడు వేరును ఉంచి నఱికిన బొటనవ్రేలంత మోడును తొలకరికి నాటుట మఱియొక నేర్పు. ఇవి వినుటకు చిన్న సంగతులు. అడవుల పెంపకము ఇటువంటి చిన్న సంగతుల మీదనే నిలిచినది.

ఇక నేల. టేకు లోతైన, నీరు నిలువని నేలను కోరును. కాలి మడమలు తడిసియుండుట దానికి సరిపడదు. నిజాంసాగరపు కాలువ క్రింద వరి మళ్ల నడుమ, నల్లరేగడి పల్లములలో నాటిన టేకు మొదటి రెండు మూడేండ్లు ఏపుగా లేచి చూపఱకు ఆశ పుట్టించును. పిదప వేళ్లకు ఊపిరాడక కృశించును. అదే టేకును ఎత్తైన ఎఱ్ఱ చెలకలలో, గట్ల వెంట నాటినచో నిదానముగా నైనను నిలుకడగా పెరుగును. నాటిన పిమ్మట పలుచన చేయుట ముఖ్యము. రెండు గజముల యెడమున నాటిన మొక్కలలో సగమును తగిన కాలమున తీసివేయకున్నచో అన్నియు వాసములే యగును గాని దూలమొక్కటియు కాదు. చేతులార పెంచిన చెట్టును నఱుకుటకు రైతుకు మనసొప్పదు. ఆ జాలియే తోటను చెఱచుచున్నది.

పరిశోధన రైతు చేతికి వచ్చినచో ఏమగునో చూపు దృష్టాంతము మన రాష్ట్రముననే కలదు. భద్రాచలము చెంత సారపాకలోని కాగితపు మిల్లువారు 1989 నుండి జామాయిలుపై కృషి ఆరంభించిరి. గింజతో వచ్చిన మొక్కలలో ఒకటి లావు, ఒకటి సన్నము. ఒకటి నిటారు, ఒకటి వంకర. తోటలలో మేలైన చెట్లను ఏరి, వాని కొమ్మలకు మంచు వంటి తుంపర క్రింద వేళ్లు పుట్టించి, ఒకే తల్లికి అచ్చముగా సరిపోలు మొక్కలను, అనగా క్లోనులను, రైతులకు పంచిరి. గింజ మొక్కల తోటలతో పోల్చగా దిగుబడి రెట్టింపునకు మించినది. ఇచట గమనింపవలసినది ఒకటున్నది. మిల్లునకు కలప కావలెను. కావున మిల్లే మొక్కను వెదకినది, మిల్లే కొనినది.

ఆ కథకు రెండవ ముఖము కూడ నున్నది. 2000 దశకమున దక్షిణదేశపు జామాయిలు తోటలలో ఆకుల యీనెలపై బుడిపెలు లేపు ఒక చిన్న కందిరీగ జాతి పురుగు వ్యాపించి గొప్ప నష్టము కలిగించినది. ఒకే క్లోను ఊరంతట ఉన్నచోట ఒక చెట్టునకు పట్టిన తెగులు అన్నిటికిని పట్టును. కావున ఒక్క రకమునే నమ్మి నాటరాదు. నాలుగైదు రకములను కలిపి నాటవలెను. పరిశోధన ఒకసారి చేసి చేతులు దులుపుకొను పని కాదు.

ఉత్తరమున యమునానగరపు ప్రాంతము కూడ మనవలెనే చెఱకుసీమ. అచటి రైతులు పాప్లరు చెట్ల వరుసల నడుమ మొదటి యేండ్లలో చెఱకు పండించుకొందురు. నీడ ముదిరిన పిదప ఇతర పైరులకు మఱలుదురు. ఆ కలపను ఆధారము చేసికొని ప్లైవుడ్డు పరిశ్రమ ఆ పట్టణమున బలపడినది. పాప్లరు చలిదేశపు చెట్టు. మన దక్కను ఎండలకు అది తగదు. మనము తెచ్చుకొనవలసినది ఆ చెట్టును కాదు, ఆ యేర్పాటును.

ఏర్పాటు లేక ఆశ మాత్రమే యున్నచో ఏమగునో 1990 దశకమున దేశమంతట చూచితిమి. టేకు తోటల పేరిట కంపెనీలు వెలసి, మధ్యతరగతి పట్టణవాసుల యొద్ద వేలకు వేలు వసూలు చేసి, ఇరువది యేండ్లకు కోట్లు వచ్చునని చెప్పి, చివఱకు బోర్డు త్రిప్పివేసినవి. 1999లో సెబి అటువంటి పథకములకు నిబంధనలు విధింపవలసి వచ్చినది. నేడు శ్రీగంధమును గూర్చి వినబడు లెక్కలలో ఆ పాత స్వరమే కొంత ధ్వనించుచున్నది. శ్రీగంధము ఒంటరిగా బ్రతుకు చెట్టు కాదు. దాని వేళ్లు పొరుగు చెట్టు వేళ్లను పట్టి ఆహారమును గుంజుకొనును. కంది వంటి తోడు లేనిదే అది యెదుగదు. ఎదిగి చేవ పట్టిన నాటి నుండి దొంగల బెడద మొదలగును. ఈ రెండు మాటలు చెప్పని లాభపు లెక్క లెక్క కానేరదు.

చెట్టు పెంచుట సగము విద్య. పెరిగిన కఱ్ఱను చక్కగా వాడుకొనుట తక్కిన సగము. ఇందు తెలుగువాడు ప్రపంచమునకు గురువైన సంగతి మనలో చాలమందికి తెలియదు.

మ్రాను నడుమ నుండు నల్లని భాగమును చేవ యందుము. అందులో ప్రకృతియే ఉంచిన విషములు చెదను దగ్గఱకు రానీయవు. చుట్టునుండు తెల్లకఱ్ఱకు ఆ రక్షణ లేదు. అరువది, ఎనుబది యేండ్ల అడవి టేకులో చేవయే మిక్కిలి. పదునైదేండ్ల చేని టేకులో తెల్లకఱ్ఱయే హెచ్చు. టేకు గదా యని నమ్మి ద్వారబంధము చేయించిన గృహస్థుడు నాలుగేండ్లకు చెద పట్టెనని వడ్రంగిని నిందించును. వడ్రంగి తప్పు లేదు; అది పేరునకు టేకు, గుణమునకు కాదు.

దేహరాదూను అటవీ పరిశోధనాలయమున పనిచేసిన సొంఠి కామేశం గారు ఈ తెల్లకఱ్ఱకు చేవ నిచ్చు ఉపాయమును 1933లో కనుగొనిరి. అంతకుముందు రైలు స్లీపర్లకును స్తంభములకును బొగ్గుతారు నుండి తీసిన క్రియోసోట్ నూనెయే గతి. అది నల్లగా కారును, కంపుగొట్టును. మైలతుత్తము వంటి ఉప్పులను ఎక్కించినచో వానకు కడుగుకొనిపోవును. కామేశం గారు రాగి, ఆర్సెనిక్కు, క్రోమియముల లవణములను ఒకటిగా కలిపిరి. రాగి బూజును చంపును. ఆర్సెనిక్కు చెదను చంపును. క్రోమియము ఆ రెండిటిని కఱ్ఱ నారతో బంధించి వానకు కరగకుండ నిలుపును. 'ఆస్కూ' అను పేరుగల ఈ మిశ్రమమునకు 1938లో అమెరికాలో పేటెంటు లభించినది. ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున ప్రపంచమున కఱ్ఱ స్తంభములకు మిక్కిలిగా వాడబడిన సంరక్షణ విధానములలో ఇది యొకటి. తెల్లవారి యేలుబడిలో, ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో కూర్చుండి, ఒక తెలుగు శాస్త్రజ్ఞుడు సాధించిన విజయమిది. మన పాఠ్యపుస్తకములలో ఈ పేరునకు చోటు దొరకవలదా?

కాలము మాఱినకొలది శాస్త్రము తనను తాను దిద్దుకొనును. ఆర్సెనిక్కు మనుష్యునికిని విషమే గావున 2003 చివఱ నుండి అమెరికాలో గృహావసరముల కలపకు దీనిని ఎక్కించుట నిలిపివేసిరి. అట్టి కఱ్ఱను పొయ్యిలో పెట్టరాదు; దాని బూడిదను చేనిలో చల్లరాదు. ఇంటిలోపలి సామానులకు వెలిగారమును బోరిక్ ఆమ్లమును కలిపిన ద్రావణము చాలును. పచ్చి పలకలను అందులో ముంచి, కప్పి కొన్ని వారములుంచినచో మందు తనంతట లోపలికి ప్రాకును. కఱ్ఱ వానలో తడియని చోట దీనికి మించిన సులభోపాయము లేదు. వెదుళ్లను, సన్నని గుంజలను కొట్టిన నాడే పీపాలోని మందునీటిలో మొదలు మునుగునట్లు నిలిపినచో చెట్టు రసము వెడలిన త్రోవనే మందు పైకెక్కును. ఇందుకు పెద్ద యంత్రములతో పనిలేదు, చెప్పువాడొకడు కావలెను.

మందుకంటె ముందుది ఆరబెట్టుట. పచ్చికఱ్ఱలోని నీరు నూటికి ముప్పది పాళ్లకు దిగువకు వచ్చినది మొదలు కఱ్ఱ ముడుచుకొనసాగును. అదియు అన్ని దిక్కుల సమముగా కాదు, చుట్టుకొలత వైపు అడ్డుకంటె ఇంచుమించు రెట్టింపు. వానాకాలమున కోసిన పచ్చి పలకతో చేసిన తలుపు, ఇందూరు మే నెల యెండకు సందులు విడచుటకు కారణమిదియే. పలకలను నేలకు ఎత్తుగా, నడుమ నడుమ సన్నని బద్దలుంచి, నీడలో పేర్చి, కొనలకు తారు పూసి ఆరనిచ్చినచో ఈ నష్టము చాలవఱకు తప్పును. ఈ సంగతి మన పాత వడ్రంగులెఱుగుదురు. ఎఱిగినను, గృహప్రవేశపు ముహూర్తము ముంచుకొని వచ్చిన యజమాని వారిని ఆగనీయడు.

వంటచెఱకు మాటయు మఱవరాదు. ఈ జిల్లా పసుపునకు ప్రసిద్ధి. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాదుననే ప్రారంభమైనది. పసుపు త్రవ్విన పిదప ఉడికింపవలెను. తెఱచిన కాగులలో ఉడికించునప్పుడు మంటలో పెద్ద భాగము గాలిపాలగును. ఆవిరితో ఉడికించు డ్రమ్ములు వచ్చిన పిదప కట్టెయు, కాలమును కలిసివచ్చినవి. చక్కెర మిల్లులు చెఱకుపిప్పిని తమ బాయిలర్లకే వాడుకొని కట్టె మాట తలపెట్టకుండ నడచినవి. మిగిల్చిన కట్టె పెంచిన చెట్టుతో సమానము. గోదావరి దాటినంతనే కనబడు నిర్మలున బొమ్మలవారు వాడు పొనికి కఱ్ఱ యరుదగుచున్నది. దాని గింజ పైపెంకు గట్టిదగుటచే మొలక కష్టము. ఆ మొలకను సులభము చేయు విద్యపై ఒక కళయే ఆధారపడియున్నది.

ఇచట నొక న్యాయమైన ఆక్షేపణ కలదు. భూస్వామి చేనంతయు చెట్లు నాటి పట్టణమున కూర్చున్నచో కూలివాని గతి యేమి? నాట్లు లేవు, కలుపు లేదు, కోతలు లేవు. అన్నము పండు నేల కలప పండు నేల యగుట దేశమునకు క్షేమమా? ఈ ఆక్షేపణను మేము త్రోసివేయము. కాలువ క్రింది సారవంతమైన మళ్లను చెట్లకిచ్చుట మాకు సమ్మతము కాదు. గట్లు, చెలకలు, చౌడు పట్టిన తుంపులు, చెఱువు శిఖము లోపలి నల్లతుమ్మ తావులు, ఇవి చెట్లకు చాలినంత చోటు. కఱ్ఱ కోయుట, ఆరబెట్టుట, మందెక్కించుట, సామాను చేయుట ఊరిలోనే జరిగినచో పోయిన కూలి కొంత తిరిగి వచ్చును. దుంగను దుంగగా లారీకెక్కించి పంపినచో చెట్టు మనది, బ్రతుకు మఱియొకరిది.

చట్టము కూడ రైతునకు తోడు కావలెను. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము అడవుల దోపిడిని ఆపుటకు ఏర్పడినది. ఆ యుద్దేశము మంచిది. కాని తన గట్టుమీద తాను నాటిన టేకును కొట్టుటకును, కొట్టినదానిని తరలించుటకును అనుమతులకై తిరుగవలసిన రైతు రెండవసారి నాటునా? 2014లో భారత ప్రభుత్వము ప్రకటించిన వ్యవసాయ వన విధానము ఈ చిక్కులను సడలింపవలెనని స్పష్టముగా చెప్పినది. దేశపు పరిశ్రమలు వాడు కలపలో హెచ్చుభాగము నేడు అడవులనుండి కాక రైతుల భూములనుండియే వచ్చుచున్నది. బర్మా ప్రభుత్వము 2014లో దుంగల యెగుమతిని నిషేధించినది మొదలు టేకు కొఱకు మన వర్తకులు దూరదేశములను ఆశ్రయించుచున్నారు. సొంత రైతును ఆటంకపఱచి పరదేశపు దుంగను ఆహ్వానించుట యే నీతి?

కావున మేము కోరునవి నాలుగు. అమ్మబడు ప్రతి మొక్కకును దాని తల్లి జాడ తెలుపు చీటి యుండవలెను. హైదరాబాదు చెంత దూలపల్లిలోని కేంద్ర అటవీ పరిశోధనాలయము, ములుగులోని రాష్ట్ర అటవీ కళాశాల తమ ప్రయోగములను బోధను సీమ నేలలపై, రైతుల గట్లపై చేసి చూపవలెను. రుద్రూరు క్షేత్రము చెఱకునకు చేసిన సేవకు ఇది సాటి యగును. నిజామాబాదు పట్టణమున వడ్రంగులును రైతులును ఉమ్మడిగా వాడుకొనుటకు కఱ్ఱ ఆరబెట్టు, మందెక్కించు శాల యొకటి సహకార పద్ధతిని ఏర్పడవలెను. పట్టాభూమిలో నాటిన చెట్టును నాటిన నాడే నమోదు చేసి, కొట్టు నాటికి అనుమతి తడయకుండ చూడవలెను.

ఇవి గొప్ప వ్యయముతో కూడినవి కావు. మిల్లు వచ్చువఱకు వేచియుండవలసినవియు కావు. రెల్లుగడ్డిలో చెఱకు బలమును చూచిన కన్ను, తెల్లకఱ్ఱలో చేవను నింపిన బుద్ధి ఈ దేశమున పుట్టినవే. ఆ విద్యను రైతు గట్టు మీదికి తెచ్చు పూనిక మాత్రము ఇంకను మిగిలియున్నది. భూస్వాములు, పట్టణ ప్రముఖులు, సహకార సంఘములవారు ఈ తొలకరికి ముందే కూడి యోచింతురని ఆశించుచున్నాము.